రాజీ కాగితం ఎవరు రాశారు?

(గుంటూరులో న్యాయవిద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

మన గుంటూరు కోర్టులో లోక్ అదాలత్ రోజున ఓ గంట కూర్చోండి. చెక్ బౌన్సులు, చిన్నచిన్న కొట్లాటలు. సంతకాలు పెట్టి, బయట టీ తాగి ఇంటికి పోతారు. హత్య కేసులో మాత్రం రెండు కుటుంబాలూ ఒప్పుకున్నా జడ్జిగారు ఒప్పుకోరు. అది రాజీకి వీల్లేని నేరం. మరి వేలమందిని చంపినవాళ్లతో ప్రభుత్వమే రాజీపడి క్షమాభిక్ష పెడితే, అంతర్జాతీయ కోర్టు ఆ కాగితాన్ని ఏం చేయాలి?

1999 జూలై 7న టోగో రాజధాని లోమేలో, పశ్చిమాఫ్రికా దేశం సియెర్రా లియోన్ ప్రభుత్వం తిరుగుబాటుదారులతో ఒప్పందం చేసుకుంది. జనం చేతులు నరికిన ముఠా అది. దాని నాయకుడు ఫోదే సాంకోకు క్షమాభిక్షతో పాటు వజ్రాల వ్యవహారం చూసే కమిషన్ అధ్యక్ష పదవి కూడా ఇచ్చారు! ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఫ్రాన్సిస్ ఒకెలో మాత్రం సంతకం పక్కన తన చేత్తో ఓ ముక్క రాశారు: యుద్ధ నేరాల్లాంటి వాటికి ఈ క్షమాభిక్ష వర్తించదని. 'అండర్ ప్రొటెస్ట్', అంటే అభ్యంతరం ఉందని రాసి సంతకం పెట్టడం మన ప్లీడర్లకు తెలియనిదా? 2004లో అక్కడి ప్రత్యేక కోర్టు, లోమే క్షమాభిక్ష తమ విచారణకు అడ్డు కాదని తేల్చింది. సాంకో అప్పటికే నిర్బంధంలో చనిపోయాడు.

అలాగని క్షమాభిక్షలన్నీ చించేయాలంటే నేను ఒప్పుకోను. వర్ణవివక్ష పాలన పోయాక దక్షిణాఫ్రికాలో నిజమంతా చెప్పినవాడికే క్షమాభిక్ష. 1997లో జెఫ్రీ బెంజియన్ అనే పోలీసు అధికారి ఆ క్షమాభిక్ష కమిటీ ముందుకొచ్చాడు. అతని చేతిలో హింస పడిన టోనీ యెంగెని అడిగితే, ఒక మనిషిని నేలమీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద కూర్చుని, తలకు సంచి ఎలా బిగించేవాడో చేసి చూపించాడు. అతనికి క్షమాభిక్ష దొరికింది. నాకది ఇప్పటికీ మింగుడు పడదు. కానీ అడిగింది బాధితుడు, జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది హింసించినవాడు. 7,000 పైచిలుకు దరఖాస్తుల్లో క్షమాభిక్ష దక్కింది కొద్దిమందికే.

పెరూలో 1995లో దర్యాప్తు తమ మనుషుల దాకా వస్తుంటే పాలకులే చట్టం చేసి కేసులు మూయించారు. అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు 2001లో ఆ చట్టం చెల్లదంది. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పునాది వేసిన ఒప్పందం, 1998 నాటి రోమ్ శాసనంలో క్షమాభిక్ష అన్న మాటే లేదు. లిబియా పాత నియంత గద్దాఫీ కొడుకు సైఫ్ కేసులో 2020లో ఆ కోర్టు అప్పీలు జడ్జీలు కూడా ఈ విషయంలో చట్టం ఇంకా రూపుదిద్దుకుంటోందని అక్కడితో వదిలేశారు. వదిలేయకుండా ఉండాల్సింది. ఈ కాగితం ఎవరు రాశారు, బాధితుడికి ఆ గదిలో కుర్చీ వేశారా అని అడిగి, రుజువు చేసుకునే భారం నిందితుడి మీదే పెట్టి ఉంటే బాగుండేది.