ఇక్కడే దగ్గర్లో చదువుతోంది

అందరికీ నమస్కారం. తెలుగు బడి వార్షికోత్సవంలో కాలేజీ అడ్మిషన్ల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. పిల్లల డ్యాన్సులు ఇంకా ఉన్నాయి, అందుకని శాలువాలు పక్కన పెట్టి నేరుగా విషయానికొస్తాను.

మా అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళ కాలేజీలో, చేరిన కొత్తలో ఎవరైనా అడిగితే "ఇక్కడే దగ్గర్లో చదువుతోంది" అనేవాణ్ణి. కాలేజీ పేరు నోట రానిచ్చేవాణ్ణి కాదు. ఇంతకీ నేనెవర్ని? పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాణ్ణి. మమ్మల్ని పేర్లతో పిలిచేవాళ్ళు కాదు, "డిప్లొమా బ్యాచ్" అనేవాళ్ళు. అది తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. అలాంటివాణ్ణి కన్నకూతురి కాలేజీ పేరు దాచాను!

సరే, అడ్మిషన్లు. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. ఇక్కడివాళ్ళకి సెమిస్టర్ యూనిట్‌కి, అంటే ఒక క్రెడిట్‌కి, 46 డాలర్లు. రెండేళ్ళు అక్కడ చదివి, మూడో ఏడాదికి కాల్ స్టేట్‌కి, అంటే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి, మారొచ్చు. 2010 చట్టంతో ట్రాన్స్‌ఫర్ కోసమే ఒక అసోసియేట్ డిగ్రీ, అంటే రెండేళ్ళ డిగ్రీ, వచ్చింది. అది పూర్తిచేస్తే ఏదో ఒక కాల్ స్టేట్ క్యాంపస్‌లో సీటు ఖాయం. ఏదో ఒక క్యాంపస్ అన్నాను, కోరుకున్న క్యాంపస్ అనలేదు, గమనించండి.

మేం దెబ్బతిన్నది వేరేచోట. యూనిట్లు బదిలీ కావడం వేరు, అవి మేజర్‌కి, అంటే డిగ్రీలో ముఖ్య సబ్జెక్టుకి, పనికిరావడం వేరు. మా అమ్మాయి చదివిన ప్రోగ్రామింగ్ కోర్సు ఒకటి యూనిట్లలో చేరింది, మేజర్‌లో చేరలేదు. మళ్ళీ చదివింది. అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఏ కోర్సు దేనికి సరిపోతుందో ముందే చూసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మాకెవరూ చెప్పలేదు. తర్వాత తెలిసింది, మా వీధిలోనే ఇద్దరు పిల్లలు అదే దారిన వెళ్ళారట. వాళ్ళ నాన్నలు కూడా "ఇక్కడే దగ్గర్లో" అంటూ తిరిగారట.

క్యాంపస్ లైఫ్ గురించి కూడా చెప్పమన్నారు. కాల్ స్టేట్ లాంటి యూనివర్సిటీల్లో చాలామంది ఇంటి నుంచే వచ్చిపోతారు. మూడో ఏడాదిలో అడుగుపెట్టేసరికి స్నేహాలన్నీ కుదిరిపోయి ఉంటాయి. మా అమ్మాయి మొదటి సెమిస్టరంతా పార్కింగ్‌లో, కార్లో కూర్చుని పులిహోర తినేదట. సీటు కింద పోపు గింజలు దొరికాకే మా ఆవిడ నిలదీసింది. శనివారాలు శాన్ హోసేలో కింగ్ లైబ్రరీకి పంపడం మొదలుపెట్టాం. తన క్యాంపస్ అది కాదు, కానీ 2003 నుంచి శాన్ హోసే స్టేట్‌కీ ఊరికీ కలిపి అదే లైబ్రరీ, ఎవరైనా వెళ్ళొచ్చు. తనలాగే ట్రాన్స్‌ఫరైన అమ్మాయి అక్కడ దొరికింది. ఆ తర్వాత డబ్బాలో రెండు స్పూన్లు పెట్టమంది.

వెనక వరసలో అన్నగారూ, ఇందాక టీ దగ్గర మీ అబ్బాయి సంగతి అడిగితే "ఇక్కడే" అన్నారు. ఎక్కడండీ? నవ్వకండి, అందరూ వింటున్నారు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చోండి, ఫోన్లో అసిస్ట్ తెరిచి చూద్దాం.