టేపులో సున్నా దగ్గర ఇత్తడి రేకు

నమస్కారమండీ అందరికీ. ఇవాళ నేను మాట్లాడబోయేది ప్రేమ సినిమాల గురించి, అందులోనూ నవ్వించే ప్రేమ సినిమాలు, వాటిల్లో మన ఒళ్ళూ మన రంగూ మన జుట్టూ ఏమైపోతున్నాయో ఆ సంగతి. కాకపోతే మొదలెట్టేది జాకెట్టు దగ్గర. కాస్త ఓపిక పట్టండి, సినిమాలోకి వచ్చేస్తాను.

పోయిన మాఘమాసంలో మా చిన్నాడపడుచు కూతురి పెళ్ళయింది. నా పెళ్ళినాటి ఆకుపచ్చ పట్టుచీర కడదామని తీశాను, చీరకేం పోయింది, అది ఎవరినైనా చుట్టేస్తుంది, వచ్చిన చిక్కల్లా జాకెట్టుతోనే, హుక్కులకీ కాజాలకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం, ఊపిరి బిగబట్టినా కలవట్లేదు. పట్టుకెళ్ళి అమలాపురంలో మా టైలరమ్మ ముందు పెట్టాను, ఆవిడ ఏమీ అడక్కుండానే నన్ను నేనే తిట్టుకోవడం మొదలెట్టాను, ఏంటోనమ్మా ఒళ్ళు చేసేశాను, సంక్రాంతికి అరిసెలు ఆపలేదు, వాకింగ్ మానేశాను, తగ్గాలి తగ్గాలి అనుకుంటానే ఉన్నానూ అని. ఆవిడ వింటేగా. జాకెట్టు తిరగేసింది, పక్క కుట్టు వేలితో తడిమింది, బ్లేడు పెట్టి టకటకా దారం తెంపేసి లోపల మడిచిన గుడ్డ బయటికి లాగింది. "ఎవరికైనా రెండేసి అంగుళాలు లోపల ఒదిలే కుడతామండీ, ఆయ్, ఒళ్ళన్నాక అలాగే ఉండిపోద్దేంటండీ" అంది. ఆ లోపలి గుడ్డ చూస్తే ఇరవై రెండేళ్ళుగా చెమటా ఎండా తగల్లేదేమో, పైన వెలిసిపోయిన ఆకుపచ్చ పక్కన అరిటాకంత కొత్తగా ఉంది.

ఆవిడ మెళ్ళో ఎప్పుడూ వేలాడే టేపు ఉంటుంది కదా, పసుపుది, దాని చివర అంకెలు మొదలయ్యే చోట చిన్న ఇత్తడి రేకు. అంటే సున్నా దగ్గర ఉండేది ఆ రేకు ముక్కే. నాకు చటుక్కున సైజ్ జీరో అన్నమాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ మాట మన నోళ్ళలో పడింది 2008లో, కరీనా కపూర్ టషన్ అనే హిందీ సినిమా కోసం సన్నబడినప్పుడు, అప్పటిదాకా అది ఎక్కడో అమెరికా బట్టల షాపుల్లో బాగా సన్నటివాళ్ళ కొలతకి ఉండే నంబరు. తర్వాత ఏడేళ్ళకి మన తెలుగులో ఆ పేరుతోనే ఒక సినిమా వచ్చేసింది, అనుష్క గారిది, 2015 నవంబరులో.

ఆ సినిమాకి నేనూ మా వదినా వెళ్ళాం. మా వదిన నాకంటే బాగా నిండైన మనిషి. సీట్ల మధ్యలోంచి పక్కకి తిరిగి పోతుంటే వెనక వరసలో ఎవడో కుర్రాడు ఏదో అన్నాడు, పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు. సరే అది మామూలే. తెర మీద అనుష్క గారు కనబడగానే హాలంతా నవ్వింది. అక్కడ జోకేమీ లేదండీ, ఊరికే లావుగా కనబడిందంతే. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. మా వదిన నవ్వలేదు. ఇంటర్వెల్‌లో కొనుక్కున్న పాప్‌కార్న్ ప్యాకెట్టు మూతి మడిచి ఒళ్ళో పెట్టుకుని సినిమా అయ్యేదాకా అలాగే కూర్చుంది. ఏం వదినా తినవేంటి అంటే, ఇంటికెళ్ళాక తింటాలే, ఇక్కడ తింటుంటే చూస్తారు అంది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అప్పట్నుంచీ ఏ సినిమా చూసినా నేను కెమెరా ఎక్కడ ఆగుతోందో చూడ్డం మొదలెట్టాను, మీరూ ఒకసారి చూడండి. హీరోయినైతే కెమెరా కళ్ళ దగ్గరో నడుం దగ్గరో ఆగుతుంది, ఆవిడ పక్కన లావుపాటి స్నేహితురాలుంటే కెమెరా ఆగేది ఆ పిల్ల చేతిలో ఉన్న ప్లేటు దగ్గర. సమోసా, చిప్స్, ఐస్‌క్రీమ్, ఏదోటి. ఆ పిల్లకి ఇంకో పనుండదు. హీరోయిన్ ఏడుస్తుంటే ఈ పిల్ల తింటుంది, హీరోయిన్ ప్రేమలో పడితే ఈ పిల్ల తింటుంది, లేచిపోతుంటే కాపలా కూడా తింటూనే కాస్తుంది. పాపం ఆ హీరోయిన్ మూడు గంటల సినిమాలో ఒక్క ముద్ద మింగినట్టు చూపించరు, అది వేరే అన్యాయం.

ఇంగ్లీషువాళ్ళది ఒకటి చెప్తాను. బ్రిడ్జెట్ జోన్స్ అని హెలెన్ ఫీల్డింగ్ అనే ఆవిడ 1996లో రాసిన నవల, 2001లో సినిమా అయింది, ప్రపంచమంతా నవ్వుకున్న కథ. అందులో హీరోయిన్ లావైపోయానని బెంగతో రోజూ డైరీలో బరువు రాసుకుంటుంది. నవల్లో మొదటి రోజు రాసుకున్న బరువు 9 స్టోన్ల 3 పౌండ్లు. మన లెక్కలోకి మారిస్తే 58 కిలోల పైచిలుకు. మన దగ్గర ధాన్యం బస్తా 75 కిలోలండీ! మా చేలో కూలికొచ్చే ఆవిడతో ఈ లెక్క చెప్తే, "ఆ పిల్లకి అన్నం పెట్టేవోళ్ళు లేరేంటండీ" అంది. వేషం వేసిన రెనీ జెల్‌వెగర్ గారు ఆ పాత్ర కోసం బరువు పెరగాల్సొచ్చింది కూడా. అంటే బక్కపల్చటి మనిషిని తెచ్చి, కాస్త తినిపించి, ఇదిగో లావు అంటే ఇదీ అని మనకి చూపించారన్నమాట. హాల్లో కూర్చున్న 70 కిలోల ఆడమనిషి తన గురించి ఏమనుకుని ఇంటికెళ్ళిందో మరి.

అనుష్క గారూ అంతే, ఆ పాత్ర కోసం 20 కిలోల దాకా పెరిగారని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. గ్రాఫిక్స్‌తో కానిచ్చేయకుండా నిజంగా పెరగడం మాటలు కాదు, ఆ కష్టానికి దణ్ణం పెట్టాల్సిందే. అదే ఏడాది ఫిబ్రవరిలో హిందీలో దమ్ లగా కే హైషా అని వచ్చింది, భూమి పెడ్నేకర్ మొదటి సినిమా, ఆవిడా ఆ పాత్ర కోసం పెరిగి తర్వాత తగ్గిపోయారు. లావు అనేది అద్దెకి తెచ్చుకున్న నగలాంటిది వాళ్ళకి, షూటింగ్ అయ్యాక తిరిగిచ్చేస్తారు. మా వదినకి ఆ సదుపాయం లేదు. నిజంగానే లావుగా ఉన్న నటి జంటగా నటించింది మన తెలుగులో వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. 2006లో కితకితలు సినిమాలో అల్లరి నరేష్ పక్కన గీతా సింగ్ చేశారు, తీసింది మన పశ్చిమగోదావరి మనిషే, ఇ.వి.వి. గారు. భార్య లావని సిగ్గుపడే మొగుడు చివరికి ఆవిడ విలువ తెలుసుకోవడం కథ. జనం బాగా చూశారు. తర్వాత మాత్రం ఆవిడకి ఎక్కువగా వచ్చినవన్నీ మళ్ళీ కామెడీ వేషాలే.

ఇందాక చెప్పిన దమ్ లగా కే హైషా నాకు కొంచెం ఎక్కువ నచ్చింది, ఎందుకో చెప్తాను. హరిద్వార్‌లో కథ, తొంభైల్లో, క్యాసెట్ల షాపు నడిపే కుర్రాడు, పెద్దగా చదువబ్బలేదు, ఇంట్లోవాళ్ళ బలవంతం మీద లావుపాటి అమ్మాయిని చేసుకుంటాడు, ఆ అమ్మాయేమో చదువుకున్నది, టీచర్ ఉద్యోగం చెయ్యాలని చూస్తుంటుంది. పెళ్ళాన్ని నలుగురి ముందూ నోటికొచ్చినట్టు వాగితే ఆ అమ్మాయి చెంప ఛెళ్ళుమనిపించి పుట్టింటికెళ్ళిపోతుంది. అంతే. కూర్చుని ఏడుస్తూ అద్దంలో చూసుకోదు, జిమ్ముకెళ్ళదు. తన ఒంటితో తనకేం పేచీ లేదు, పేచీ అంతా వాడి నోటితోనే. అక్కడిదాకా అద్భుతం. ఆ తర్వాత చివర్లో పెళ్ళాన్ని వీపు మీద మోసుకుని పరిగెత్తే పందెం పెట్టారు, వాడు మోశాడు, గెలిచాడు, మనం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, ఇదేంటి, చప్పట్లన్నీ వీడికా, ఆవిడ అన్నాళ్ళు వీణ్ణి భరించిన దానికి పందెం ఎవరు పెట్టారు అనిపించింది.

అసలు నా పేచీ ఇదేనండీ. ఈ సినిమాలన్నిట్లో నువ్వు నీలాగే బాగున్నావు అన్నమాట చివరి రీల్లో హీరో నోట్లోంచి రావాలి, తాసిల్దారు సంతకం పెట్టి ఇచ్చే సర్టిఫికెట్‌లాగ. అప్పటిదాకా ఆ అమ్మాయి ఏ పని చేసినా కథంతా ఆ ఒళ్ళు చుట్టే తిరుగుతుంది. సన్నగా ఉన్న హీరోయిన్‌కైతే ఉద్యోగం గొడవ, నాన్నతో గొడవ, పాత ప్రేమికుడి గొడవ, ఎన్ని కథలో. లావుపాటి అమ్మాయికి ఒకటే కథ, లావు.

మగవాళ్ళు నవ్వుకుంటున్నారేమో, మీ సంగతీ ఉందండోయ్. 2021లో నూటొక్క జిల్లాల అందగాడు అని అవసరాల శ్రీనివాస్ గారు బట్టతల కుర్రాడిగా చేశారు, విగ్గు పెట్టుకుని తిరుగుతూ ప్రేమించిన అమ్మాయి దగ్గర దాచేస్తాడు. ఆ పేరు నూతన్ ప్రసాద్ గారి నోటి మీదుగా మనందరికీ అలవాటైన మాటే. మా తమ్ముడు పెళ్ళిచూపులకి టోపీ పెట్టుకుని వెళ్ళాడు, మే నెల, నర్సాపురంలో, ఫ్యానాగిపోయింది, తీస్తాడా, తియ్యడు. చెమటలు కారిపోతున్నాయి. చివరికి పిల్ల తల్లే, బాబూ తీసెయ్యండి, మా ఆయనకీ లేదు జుట్టు అంది. ఆ సంబంధమే కుదిరింది. కానీ అదే చోట పిల్ల బట్టతలతోనో రెండు గెడ్డాలతోనో కూర్చుంటే అంత తేలిగ్గా పోయేదా అంటే, నేను చెప్పక్కర్లేదు.

నర్సాపురం అంటే గుర్తొచ్చింది, బాపు గారు పుట్టింది అక్కడే, మనల్ని అంత నవ్వించిన జంధ్యాల గారూ అక్కడే పుట్టారు. బాపు గారు ఆయన సరదాకి, ఆయన కంటికి నచ్చినట్టు బొమ్మ గీసుకున్నారు, పెద్ద కళ్ళూ వాలుజడా పిడికెడు నడుమూ. ఆ బొమ్మని తెచ్చి పెళ్ళి సంబంధాల్లో కొలబద్ద చేసింది మాత్రం మన పెళ్ళిళ్ళ పేరమ్మలు. పిల్ల బాపు బొమ్మలా ఉంటుందండీ అంటే ఇంక తిరుగులేదు. అలా లేకపోతే దానికి వేరే భాష ఉంది మన దగ్గర. నల్లగా ఉంటే చామనఛాయ, ఇంకొంచెం నలుపైతే రంగు తక్కువైనా కళైన మొహం, లావైతే బొద్దుగా ఉంటుంది, బాగా లావైతే కాస్త నిండు విగ్రహమండీ. మా అమ్మమ్మ రోజుల్లో నిండుగా ఉంది అంటే మెచ్చుకోలే, సావిత్రి గారిని చూసి ఎవరూ తగ్గమనలేదు, బక్కగా ఉన్న కోడల్నే పుట్టింట్లో తిండి లేదా అని ఆరా తీసేవాళ్ళు. మాట అదే, ఇప్పుడు అదే మాట అంటే పిల్ల మొహం మాడిపోతుంది.

ఇంకో చిత్రం చెప్పనా, మన గోదావరి జిల్లాల్లో తిట్టేదీ పెట్టేదీ ఒకే చెయ్యి. మా పెద్దమ్మ పనసపొట్టు కూర మీద ఇంకో గరిటె వేస్తూ, నెయ్యి ధారగా ఒంపుతూ, ఏంటే అలా ఊరిపోతున్నావు అంటుంది. తినకపోతే అలుగుతుంది, తింటే అంటుంది. వెళ్ళేటప్పుడు కాజాల పొట్లం చేతిలో పెట్టి మరీ, కాస్త తగ్గవే తల్లీ అని సాగనంపుతుంది. నా వయసంతా ఆ రెండు మాటల మధ్యే గడిచిపోయింది.

అంటే ఏం తిన్నా పర్లేదంటున్నానా అంటే, లేదండీ. మనవాళ్ళకి బీఎమ్ఐ, అదే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే లెక్క, 23 దాటితేనే జాగ్రత్త పడమంటారు డాక్టర్లు, నాకూ షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు, రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తాను. అది నాకూ మా డాక్టరమ్మకీ మధ్య సంగతి. వెనక వరసలో కుర్రాడికి అందులో పనిలేదు.

నన్నడిగితే ఒక సినిమా తియ్యాలి. రావులపాలెం అరటి మార్కెట్టు, తెల్లారుజామున గెలలు దిగుతుంటాయి, అక్కడ కమిషన్ కొట్టు నడిపే అమ్మాయి, లావుగా ఉంటుంది, ఆ సంగతి సినిమాలో ఎవరూ ఎత్తరు. చక్కెరకేళి గెల రేటు దగ్గర తణుకు నుంచొచ్చిన వ్యాపారితో గొడవ, అప్పు తీర్చని మేనమామతో గొడవ, వాన పడి లారీ ఆగిపోతే రాత్రంతా ఇద్దరూ టీ కొట్టు దగ్గర ఒకళ్ళనొకళ్ళు దెప్పుకుంటూ కూర్చుంటారు, పొద్దున్నే వేడివేడి పెసరట్టు ఇద్దరూ తింటారు. ఇద్దరూ! కెమెరా ఆ అమ్మాయి ప్లేటు మీద ఆగకూడదు, అదొక్కటే నా షరతు. మా వదినకి చెప్తే, హీరో ఎవరే అంది, అంటే కథ నచ్చినట్టే.

మళ్ళీ ఆ పెళ్ళి దగ్గరికొస్తాను, అక్కడితో సెలవు తీసుకుంటాను. నాకో అలవాటుంది, ఫొటో అనగానే ఎవరో ఒక చంటిపిల్లని ఎత్తుకుని ముందు పెట్టుకోవడం. పొట్ట కనబడదు. మా ఇంట్లో ఆల్బమ్‌లు తీస్తే అంతర్వేది తీర్థంలో, దిండి రేవులో, ఎవరి పెళ్ళిలో చూసినా నేను ఒక పిల్లనెత్తుకునే ఉంటాను, సగం మంది పిల్లలు మా చుట్టాలు కూడా కాదు. మొన్న కూడా ఆకుపచ్చ చీర కట్టుకుని, రెండంగుళాలు ఒదిలిన జాకెట్టు వేసుకుని, పక్కింటివాళ్ళ పిల్లనెత్తుకుని నుంచున్నాను. సరిగ్గా ఫొటో తీసేటప్పటికి అది తల్లిని చూసి జారిపోయి పరిగెత్తింది. ఫొటో కుర్రాడు, మేడం కొంచెం పక్కకి తిరగండి, సన్నగా పడతారు అన్నాడు. పక్కన మా వదిన, ఏం అక్కర్లేదు బాబూ, ఎదురుగానే తియ్యి అంది, అంటూనే నా చెయ్యి పట్టుకుంది నేను తిరక్కుండా. తీసేశాడు.

ఆ ఫొటో నా ఫోన్‌లో ఉంది. జాకెట్టు పక్కన కొత్త ఆకుపచ్చ గీత సన్నగా కనబడుతోంది, చూసేవాళ్ళు డిజైన్ అనుకుంటారేమో. పంపించవే పంపించవే అని మా వదిన ఇప్పటికి మూడుసార్లు అడిగింది. ఇవాళ స్టూడియో నుంచి బస్సెక్కాక పంపిస్తాను. నమస్కారం.