గర్భంతో ఉన్నప్పుడు కిడ్నీ రాయికి వేసిన డీజే స్టెంట్ డెలివరీ దాకా ఉంచేయొచ్చా?

అందరికీ నమస్తే. నేను వైజాగ్‌లో యూరాలజీ వార్డులో స్టాఫ్ నర్సుని. ఈ వీడియో ఒక్క మాట వల్ల చేస్తున్నాను. "స్టెంట్ వేసేశారు కదా మేడం, ఇంక డెలివరీ అయ్యాకే వస్తాం." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు కంగారే. స్టెంట్ అనగానే మనాళ్ళకి గుండెకి వేసేదే గుర్తొస్తుంది, మా మావయ్యకి వేసి పదేళ్ళయింది బానే ఉన్నారు కదా అంటారు. అది వేరమ్మా. అది లోపల ఉండిపోవడానికి వేసేది, ఇది మళ్ళీ తీసెయ్యడానికి వేసేది.

(చేతిలో స్టెంట్ చూపిస్తూ) ఇదిగో, ఇదే. మెత్తటి ప్లాస్టిక్ పైపు, సుమారు 24, 26 సెంటీమీటర్లు, లావు 2 మిల్లీమీటర్లు. ఈ కొక్కెం కిడ్నీలో, ఈ కొక్కెం మూత్రసంచిలో. మధ్యలో రాయి అడ్డం పడినా మూత్రం కిందకి దిగుతుంది.

రాయి ఉన్న ప్రతి గర్భిణికీ ఇది వెయ్యరు. చాలామందికి నీళ్ళు, నొప్పి మందులతోనే రాయి పడిపోతుంది. అడ్డంతో పాటు జ్వరం ఉన్నా, నొప్పి అస్సలు తగ్గకపోయినా, ఉన్నది ఒకటే కిడ్నీ అయినా అప్పుడు వేస్తారు. ఇంకోటి, గర్భంలో కుడి కిడ్నీ కాస్త వాయడం మామూలే, స్కాన్ రిపోర్టులో ఆ మాట చూసి రాత్రంతా ఏడవకండి.

ఇప్పుడు అసలు సంగతి. మా మద్దిలపాలెం అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు, బాత్‌రూమ్ ట్యాపులకి తెల్లగా గార పడుతుంది, మీ ఇంట్లోనూ చూసే ఉంటారు. స్టెంట్‌కీ అదే గార పడుతుంది. మామూలు మనిషికి డాక్టర్లు 3 నెలల వరకూ ఉంచుతారు. గర్భిణికి మాత్రం చాలామంది 4 నుంచి 6 వారాలకే మార్చమంటారు, ఎందుకంటే గర్భంలో తిన్నదాంట్లోంచి ఒళ్ళు కాల్షియం ఎక్కువ పీల్చుకుంటుంది, కిడ్నీలు వడగట్టే పని దాదాపు సగం పెరుగుతుంది, మూత్రంలోకి కాల్షియం ఎక్కువ దిగుతుంది, అంటే అదే ట్యాపు గానీ నీళ్ళలో ఉప్పు ఇంకా ఎక్కువైందన్నమాట, గార తొందరగా పట్టేస్తుంది. అలాగని కాల్షియం మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌ని అడగండి.

ఒకమ్మాయి ఐదో నెలలో స్టెంట్ వేయించుకుని, ఏడో నెలలో సీమంతం అయ్యాక పుట్టింటికి వెళ్ళిపోయింది. ఫైలు అత్తగారింట్లో బీరువాలో ఉండిపోయింది. అక్కడి డాక్టరుకి స్టెంట్ ఉందనే తెలీదు. పురుడయ్యాక చలిజ్వరంతో మా దగ్గరికొచ్చింది. తీసిన స్టెంట్ నేనే ట్రేలో పట్టుకున్నాను, పైకొక్కెం నిండా పసుప్పచ్చటి పెచ్చులు, స్టీలు ట్రేకి తగిలి టక్ మంది. ప్లాస్టిక్‌కి ఆ చప్పుడు రాకూడదు. గార అంత ముదిరితే కొక్కెం విప్పుకోదు, లాగితే రాదు, ముందు ఆ గార పగలగొట్టాలి.

అందుకే పుట్టింటికి సర్దుకునేటప్పుడు చీరలకన్నా ముందు డిశ్చార్జి కాగితం సంచిలో పెట్టుకోండి. వేసిన తేదీ, మార్చాల్సిన తేదీ మీ ఫోన్లో, మీ ఆయన ఫోన్లో, అమ్మ ఫోన్లో కూడా.

స్టెంట్ ఉంటే ఇబ్బంది ఉంటుంది, లేదనను. కింది కొక్కెం మూత్రసంచికి రాసుకుంటుంది, అందుకే మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తుంది, ఎక్కువ నడిస్తే మూత్రం గులాబీ రంగులో రావచ్చు, పోసేటప్పుడు నడుం పక్కన నొప్పి వస్తుంది. దానికి భయపడి నీళ్ళు తాగడం మానేస్తారు చూడండి, అది చాలా తప్పు, నీళ్ళు తగ్గితే గార ఇంకా తొందరగా పడుతుంది.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 100.4 దాటిన జ్వరం, చలి, మూత్రం ఆగిపోవడం, రక్తం గడ్డలుగా పడటం, బిడ్డ కదలిక తగ్గడం, పొట్ట ఆగి ఆగి బిగుసుకోవడం, ఉమ్మనీరు కారడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అర్ధరాత్రైనా ఆస్పత్రికి వెళ్ళండి. పొట్ట బిగుసుకోవడాన్ని స్టెంట్ నొప్పే అని వదిలెయ్యకండి, పురిటి నొప్పులు కావచ్చు. మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అడిగి వేసుకోవద్దు, ముఖ్యంగా 20 వారాల తర్వాత. మార్చడానికి భయపడకండి, ఎక్స్‌రే లేకుండా అల్ట్రాసౌండ్ చూస్తూ చెయ్యొచ్చు. స్టెంట్ పడనివాళ్ళకి వీపు నుంచి కిడ్నీలోకి గొట్టం పెట్టి బయట సంచి తగిలిస్తారు, కొందరికి గర్భంతో ఉండగానే స్కోపుతో, అంటే సన్నటి కెమెరా గొట్టంతో, రాయి తీసేస్తారు, అది ఇంకో వీడియోలో.

ఆఖరిది. "సిజేరియన్ చేసినప్పుడు అదీ తీసేశారనుకున్నాం" అంటారు చాలామంది. తియ్యరమ్మా. సిజేరియన్‌లో తెరిచేది గర్భసంచి, స్టెంట్ ఉన్నది మూత్రం దారిలో. దానికి వేరే రోజు, వేరే డాక్టరు, కొన్ని నిమిషాల పని. పాపనో బాబునో అమ్మమ్మ చేతిలో పెట్టి రండి, ఆ రోజే ఇంటికి వెళ్ళిపోవచ్చు.