చిన్న ఫ్లాట్‌లో నేల మిగుల్చుకోవడం ఎలా

అందరికీ నమస్కారమండీ. ఆదివారం మధ్యాహ్నం, అదీ భోజనాలయ్యాక, ఇంటీరియర్స్ గురించి మాట్లాడతానంటే ఇంతమంది వస్తారనుకోలేదు. కమ్యూనిటీ హాల్లో ఏసీ ఉందని వచ్చినవాళ్ళు కూడా ఉంటారనుకోండి, పర్లేదు, కూర్చోండి. అసోసియేషన్ వాళ్ళు నాకిచ్చిన టాపిక్ "చిన్న ఫ్లాట్‌లో స్పేస్ సేవింగ్, ప్రశాంతత". నేను చేసేది ఇంటీరియర్ పనే కాబట్టి కబోర్డులు ఎలా పెట్టించుకోవాలో చెప్తానని అనుకుని ఉంటారు. చాలావరకు పెట్టించుకోవద్దని చెప్పడానికే వచ్చా.

ముందు కొంచెం లెక్క చూద్దాం. హైదరాబాద్‌లో ఎవర్ని అడిగినా "మాది 1000 ఎస్‌ఎఫ్‌టీ టూబీహెచ్‌కే అండీ" అంటారు. ఆ 1000లో మెట్లు, లిఫ్టు, కారిడార్, కింద లాబీ అన్నిట్లో మన వాటా కలిసి ఉంటుంది, అదే సూపర్ బిల్టప్. రియల్ ఎస్టేట్ మీద వచ్చిన 2016 రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏంటో విడమర్చి రాసింది, బయటి గోడలు, పైపులు వెళ్ళే షాఫ్టులు, బాల్కనీ తీసేసి, ఇంట్లోపలి పార్టిషన్ గోడలు మాత్రం కలుపుకుని మనం నిజంగా వాడుకునే నేల. అలా చూస్తే మన 1000 కాస్తా మామూలుగా 700 అటూ ఇటూగా తేలుతుంది. అందులో బాత్రూములు, కిచెన్ పోను హాలూ రెండు బెడ్‌రూములూ. అసలు మన చేతిలో ఉన్నది అంతే.

ఇప్పుడు 10 బై 11 బెడ్‌రూమ్ తీసుకోండి, 110 ఎస్‌ఎఫ్‌టీ. కింగ్ సైజ్ మంచం 6 బై ఆరున్నర, అంటే 39. వార్డ్‌రోబ్ 7 అడుగుల పొడవు 2 అడుగుల లోతు, 14. పిల్లాడి స్టడీ టేబుల్ ఒక 8. మొత్తం 61, అంటే గదిలో సగం కంటే ఎక్కువ ఇక్కడే అయిపోయింది, ఆ వార్డ్‌రోబ్ తలుపులు తెరవడానికి ముందు ఇంకో 2 అడుగులు వదలాలి, గది తలుపు తిరగడానికి ఇంకొంత, ఇంతా చేసి మిగిలిన సందులో భార్యాభర్తలు పొద్దున్నే ఒకరికొకరు అడ్డుతగులుతూ "జరుగు, జరుగు" అనుకోవడం. మీలో చాలామంది నవ్వుతున్నారు కాబట్టి లెక్క కరెక్టే అన్నమాట.

ఇంకో లెక్క కూడా చెప్తా, ఇది కొంచెం గుచ్చుకుంటుంది. ఎస్‌ఎఫ్‌టీ 6000 పెట్టి కొన్నారనుకుందాం. సిక్స్ సీటర్ డైనింగ్ టేబుల్, కుర్చీలు వెనక్కి జరుపుకునే చోటుతో కలిపి 50 ఎస్‌ఎఫ్‌టీ ఈజీగా తింటుంది. టేబుల్ ధర 40 వేలు కావచ్చు, అది కూర్చున్న నేల ధర 3 లక్షలు. ఇంతకీ ఆ టేబుల్ మీద ఏముంటుంది? ఒక చివర ఉతికి ఆరేసి తెచ్చిన బట్టలు, ఇంకో చివర మందుల డబ్బా, కరెంటు బిల్లులు, ఆన్‌లైన్‌లో వచ్చిన అట్టపెట్టెలు. భోజనం మాత్రం సోఫాలో టీవీ ముందు ప్లేటు ఒళ్ళో పెట్టుకుని. 3 లక్షల నేల మీద బట్టలు మడతపెడుతున్నాం.

అందుకే నా దగ్గరికి ఎవరైనా "సార్, మాకు స్టోరేజ్ చాలట్లేదు" అని వస్తే ముందు ఆ మాటే ఒప్పుకోను. స్పేస్ సేవింగ్ అంటే సామాను దాచే చోటు పెంచుకోవడం అని మనకి అలవాటైపోయింది, ప్రతి గోడకీ ఒక యూనిట్, ప్రతి మూలకీ ఒక కార్నర్ స్టాండ్, పరుపు పైకెత్తి కింద సామాను పెట్టే హైడ్రాలిక్ మంచం, సోఫా కింద పెట్టె. నా దృష్టిలో సేవ్ చేయాల్సింది నేల. కంటికి ఖాళీ నేల, ఒక ఖాళీ గోడ కనిపిస్తేనే ఇంట్లో ఊపిరాడుతుంది. బయట జేఎన్‌టీయూ రోడ్డు మీద హారన్లు, పైన మెట్రో, గంటన్నర ట్రాఫిక్ తిని ఇంటికొచ్చిన మనిషికి లోపల కూడా ఒకదాని మీద ఒకటి సామాన్లే కనిపిస్తే ఇక తేడా ఏముంది?

ఈ మధ్య అందరూ వీడియోలు పంపిస్తున్నారు, గోడ లాగితే మంచం, మంచం ఎత్తితే టేబుల్, టేబుల్ తిప్పితే అల్మారా. వీటికి పెద్ద పేరు తెచ్చిన ఇల్లు హాంకాంగ్‌లో గ్యారీ చాంగ్ అనే ఆర్కిటెక్ట్ ఫ్లాటు. 344 ఎస్‌ఎఫ్‌టీ అంతే. చిన్నప్పుడు అదే ఫ్లాట్‌లో అమ్మానాన్న, ముగ్గురు చెల్లెళ్ళు, ఒక గదిలో అద్దెకున్నావిడ, వీళ్ళందరితో కలిసి ఉన్నాడు, తనకి గది లేదు, నడవలో సోఫా మీద పడుకునేవాడు. పెద్దయ్యాక ఆ ఫ్లాటే కొనుక్కుని పార్టిషన్లన్నీ తీయించేసి, సీలింగ్‌కి ట్రాకులు బిగించి గోడల్నే పక్కకి జరిగేలా చేశాడు. ఒకే గది 24 రకాలుగా మారుతుంది, గోడ జరిపితే కిచెన్, ఇంకోటి జరిపితే బాత్ టబ్, ఇంకోటి జరిపితే లైబ్రరీ. నిజంగా గొప్ప పనే, నాకు చాలా ఇష్టం.

కానీ ఒక చిన్న సంగతి మర్చిపోతాం, అలా మార్చుకున్నాక అందులో ఉన్నది ఆయన ఒక్కడే. జరిగే గోడలు, మడిచే మంచాలు ఎప్పుడు పనికొస్తాయంటే ఒక పని అయ్యాక ఇంకో పని చేసే ఇంట్లో. మన ఇంట్లో పొద్దున ఏడున్నరకి అన్నీ ఒకేసారి. పాపకి జడ, బాబుకి టిఫిన్ బాక్సు, నాన్నగారి పూజ, ఆయనకి లాగిన్ కాల్, అత్తయ్యగారికి బీపీ మాత్ర, అప్పుడే పాలవాడి బెల్లు. అందరికీ ఒకే టైమ్‌కి చోటు కావాలి కాబట్టి గోడ ఎటు జరుపుతారు? అందుకే బ్యాచిలర్లు, కొత్తగా పెళ్ళైన జంటలు వన్‌బీహెచ్‌కేలో గోడమంచం పెట్టించుకుంటే బాగానే ఉంటుంది గానీ నలుగురైదుగురున్న ఇంట్లో అది వారం రోజుల ముచ్చట. ఎనిమిదో రోజు నుంచి ఎవరూ దాన్ని ఎత్తరు, అలాగే పరిచే ఉంటుంది, లక్ష రూపాయల మామూలు మంచం అయిపోతుంది. గ్యాస్ స్ప్రింగులు పెట్టిన హైడ్రాలిక్ మంచాలదీ ఇదే వరస, పరుపు బరువుకి ఎత్తలేక అందులో ఏం పెట్టామో కూడా మర్చిపోయిన ఇళ్ళు బోలెడు చూశా.

చుట్టాల సంగతికొద్దాం, ఎందుకంటే మన ఫర్నిచర్‌లో సగం వాళ్ళ పేరు మీదే కొంటాం. "సంక్రాంతికి వస్తారండీ, ఎండాకాలం సెలవలకి వస్తారండీ" అని గెస్ట్ బెడ్‌రూమ్‌లో డబుల్ కాట్ వేసి 350 రోజులు దాని మీద ఇస్త్రీ బట్టలు పెడతాం. మన ఊళ్ళో ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి, పదిమంది వచ్చినా పరుపు చుట్టలు దించి వరసగా పరిచేసేవాళ్ళు, చాపలు, బొంతలు, పొద్దున్నే చుట్టి మళ్ళీ అటక మీదికి, గది గదిలాగే ఉండేది. జపాన్‌లో ఫుటాన్ అని ఇదే పని ఇప్పటికీ చేస్తారు, పొద్దున్నే మడిచి గోడలో అల్మారాలోకి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కింద పడుకోవడం కష్టమే, కాదనను, వాళ్ళకి ఇంట్లో ఉన్న మంచం ఇచ్చి మనం కింద పడుకుంటే సరిపోతుంది. లేదా ఒక మడత మంచం తలుపు వెనకాల. ఆ రెండో గది పిల్లలకి ఆడుకునే నేలగా ఏడాదంతా దక్కుతుంది.

సరే, సామాన్లు ఎక్కడ పెట్టాలి మరి, గాల్లో వేలాడదీయాలా అని అడుగుతారు. నేను చెప్పేది గదికి ఒకే గోడ. ఆ ఒక్క గోడని కింద నుంచి సీలింగ్ దాకా, ఈ చివర నుంచి ఆ చివర దాకా కబోర్డ్ చేసేయండి, గోడ రంగులోనే మ్యాట్ లామినేట్, హ్యాండిల్స్ బయటికి పొడుచుకు రాకుండా. అది కబోర్డ్ అని కూడా అనిపించదు, గోడ అంతే. మిగతా మూడు గోడలకీ ఏమీ వద్దు. అదే సామాను మూడు నాలుగు చిన్న యూనిట్లలో సర్దితే ఇల్లు గోడౌన్‌లా కనిపిస్తుంది. పై వరస ఏడాదికోసారి దించేవాటికి, సూట్‌కేసులు, బొమ్మల కొలువు బొమ్మలు, రగ్గులు. నడుం నుంచి కంటి ఎత్తు దాకా రోజూ వాడేవి. స్లైడింగ్ తలుపులు పెడితే ముందు చోటు మిగులుతుంది గానీ లోతు 3, 4 అంగుళాలు ఎక్కువ కావాలి, పైగా ఒకేసారి సగం అల్మారానే తెరుచుకుంటుంది, కాబట్టి మంచానికీ వార్డ్‌రోబ్‌కీ మధ్య 2 అడుగుల పైన ఉంటే మామూలు తలుపులే మేలు.

కిచెన్‌లో మాత్రం మాడ్యులర్ క్యాటలాగులు మన వంట చూసి వేసినవి కావు. 26 కేజీల బియ్యం బస్తా ఏ డ్రాయర్‌లో పడుతుంది చెప్పండి? సేల్స్ అబ్బాయి చూపించే వైర్ బాస్కెట్లన్నీ కప్పులకీ సాసర్లకీ, మనకేమో కుక్కర్లు మూడు, ఇడ్లీ పాత్ర, అమ్మ ఇచ్చిన ఇత్తడి గుండిగ, గ్రైండర్. అందుకని కౌంటర్ కింద ఒక గడి అరలు లేకుండా ఖాళీగా వదిలేయించండి, బియ్యం డబ్బాకి కింద చక్రాల పీట పెట్టి అందులోకి తోసేయండి, ఊడ్చేటప్పుడు కాలితో లాగితే వస్తుంది. ఆవకాయ జాడీ కింది గూట్లో వెనక్కి, వారానికి సరిపడా చిన్న సీసా పైన. ఆ జాడీని పొరపాటున కూడా లాఫ్ట్ మీద పెట్టకండి, దించేటప్పుడు చేయి జారితే ఆవకాయా పోతుంది కాలూ పోతుంది. మిక్సీ రోజూ వాడేది కాబట్టి కౌంటర్ మీదే ఉండాలి, దాని వెనకే ప్లగ్ పాయింట్. దాచిపెట్టే యూనిట్లు పెట్టించుకుంటారు, రెండో నెల నుంచి మిక్సీ బయటే ఉంటుంది, యూనిట్లో పాలిథిన్ కవర్లు ఉంటాయి.

ఇప్పుడు శబ్దం. ప్రశాంతత అంటే అందరూ రంగుల గురించి అడుగుతారు, లేత రంగు వేసుకోండి, అన్ని గదులకీ ఒకే టైల్ వేసుకోండి, అంతకుమించి రంగుల్లో పెద్ద రహస్యం లేదు. చెవి గురించి ఎవరూ అడగరు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రెసిడెన్షియల్ ఏరియాలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఆరు దాకా 45 దాటకూడదు. మన మెయిన్ రోడ్డు వైపు ఫ్లాట్లవాళ్ళు ఇది విని నవ్వుకోవాల్సిందే, ఎదురుగా ఫంక్షన్ హాల్ ఉన్నవాళ్ళయితే ఏడవాల్సిందే.

చాలామంది మందపాటి కర్టెన్లు వేస్తారు. కర్టెన్ లోపలి ప్రతిధ్వని తగ్గిస్తుంది, బయటి హారన్‌ని పెద్దగా ఆపదు. శబ్దం నీళ్ళలాంటిది, ఎంత చిన్న సందున్నా దూరిపోతుంది. మన ఫ్లాట్లలో బిల్డర్ పెట్టేవి దాదాపు అన్నీ స్లైడింగ్ కిటికీలే, రెండు తలుపులు ఒకదానిమీద ఒకటి జరగాలి కాబట్టి మధ్యలో సందు ఉండి తీరుతుంది, ఆ సందు మూయడానికి పెట్టే బ్రష్ పట్టీ కూడా రెండు మూడేళ్ళకి అరిగిపోతుంది. రోడ్డు వైపు బెడ్‌రూమ్ కిటికీ ఒక్కటి, అన్నీ అక్కర్లేదు, రబ్బరు గ్యాస్కెట్‌తో బిగుసుకునే కేస్‌మెంట్ తలుపుకి, అంటే జరిగేది కాకుండా మామూలు తలుపులా తెరుచుకునేదానికి, మార్పించి లామినేటెడ్ గ్లాస్, అంటే రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర అతికించింది, వేయించండి, తేడా మీకే తెలుస్తుంది. అంత ఖర్చు వద్దనుకుంటే ఆ బ్రష్‌లు మార్పించండి, ఏసీ పైపు రంధ్రం చుట్టూ ఉన్న ఖాళీ పూడ్పించండి, మెయిన్ డోర్ కింద సందుకి రబ్బరు పట్టీ వేయించండి. ఫాల్స్ సీలింగ్‌కి పెట్టే డబ్బులో పదో వంతు కూడా కాదు. ఇంకా వీలుంటే మంచం తల రోడ్డు గోడకి కాకుండా లోపలి గోడకి తిప్పండి, దానికి పైసా ఖర్చు లేదు.

లైట్ల గురించి ఒక్క మాట. లైటు రంగుని కెల్విన్లలో చెప్తారు, నంబరు తగ్గితే పసుపు, పెరిగితే తెలుపు. హాల్లో 6500 కెల్విన్ తెల్ల లైట్లు నాలుగు ఒకే స్విచ్ మీద వేస్తే అది ఇల్లు కాదు, మెడికల్ షాపు. వంటగదికి 4000, హాల్లో బెడ్‌రూమ్‌లో సాయంత్రం వేసుకోవడానికి 3000 కెల్విన్ పసుపు లైటు, వేర్వేరు స్విచ్‌లు. బల్బు డబ్బా మీదే నంబరు రాసి ఉంటుంది, చూసి కొనండి.

అద్దె ఇళ్ళవాళ్ళు వెనకాల కూర్చుని "ఇవన్నీ ఓనర్లకి" అనుకుంటున్నారని తెలుసు. నిజానికి మీకే అదృష్టం, కబోర్డులు పెట్టించే అవకాశం లేదు కాబట్టి నేల ఇంకా మిగిలి ఉంది. మేకు కొడితే ఓనర్ అడ్వాన్స్‌లో కోస్తాడు కనుక గోడకి ఆనించి నిలబెట్టే ఎత్తు ర్యాకు ఒకటి, దానికి ఒక పరదా, మడత టేబుల్ ఒకటి. సోఫా బదులు దివాన్, పగలు కూర్చోవచ్చు, చుట్టం వస్తే పడుకోవచ్చు, ఇల్లు మారేటప్పుడు లిఫ్టులో పడుతుంది, ఎల్ షేప్ సోఫా పట్టదు.

ఎవరైనా సరే ఏదైనా కొనేముందు ఒక పని చేయండి. మాస్కింగ్ టేప్ అని పెయింటర్లు వాడేది, స్టేషనరీ షాపులో దొరుకుతుంది. కొనబోయే సోఫా కొలతలు వెబ్‌సైట్లో చూసి నేల మీద ఆ సైజులో టేప్ అంటించండి. ఒక వారం అక్కడ సోఫా ఉన్నట్టే దాని చుట్టూ తిరగండి, గీత తొక్కకూడదు. బాల్కనీకి బట్టలు ఆరేయడానికి బకెట్ పట్టుకుని వెళ్ళేటప్పుడు, చీకట్లో మంచినీళ్ళకి లేచినప్పుడు తెలుస్తుంది ఎక్కడ తగులుతుందో. రెండో రోజే పిల్లలు ఆ గీతల మధ్యలో తొక్కుడుబిళ్ళ ఆడటం మొదలుపెడితే సోఫా క్యాన్సిల్ చేసుకోవచ్చు.

ఇక ప్రశ్నలు. ఫ్లోర్ ప్లాన్ జిరాక్సులు తెచ్చుకున్నవాళ్ళు ముందుకి రండి, ఇక్కడే పెన్సిల్‌తో గీసి చూద్దాం. వాస్తు మాత్రం నన్ను అడక్కండి, నాకు రాదు. ఈశాన్యం ఖాళీగా ఉంచాలన్న ఒక్క మాట తప్ప, అది మాత్రం కస్టమర్లు ఆ మూల షోకేస్ పెట్టించమన్న ప్రతిసారీ నేను కూడా వాడేస్తుంటా.