21 రోజుల గడువు, 30 రోజుల జవాబు: హైవే అలైన్‌మెంట్ గురించి ఎప్పుడు అడగాలి?

హోస్ట్: సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ దాకా, ట్రిపుల్ ఆర్, అంటే హైదరాబాద్ చుట్టూ వచ్చే రీజినల్ రింగ్ రోడ్డు, పోయే ఊళ్లల్లో ఒకటే ప్రశ్న: ఈ లైను, అదే అలైన్‌మెంట్, ఎవరు గీశారు? అది ఏ దశలో తేలుతుంది మేడం?

అతిథి: గెజిట్ కంటే చాలా ముందేనండి. కన్సల్టెంట్ ఒకటికి రెండు రూట్లు గీసి పొడవెంత, భూమి ఎంత పోతుంది, ఎన్ని ఇళ్లు కూలతాయి, ఖర్చెంత అని పక్కపక్కన వేసి పట్టిక ఇస్తాడు. అందులో ఒకటి ఖాయమయ్యాకే నేషనల్ హైవేస్ చట్టం, 1956 కింద 3ఏ నోటిఫికేషన్, అంటే ఈ భూమి తీసుకోబోతున్నామని గెజిట్లో ప్రకటన. రైతు తన సర్వే నంబరు చూసుకునేది అప్పుడే.

హోస్ట్: అప్పుడు అభ్యంతరానికి 21 రోజులు.

అతిథి: 3సీ కింద. గెజిట్ తేదీ నుంచే లెక్కేసుకోండి. పేపర్లో ప్రకటన చూశాక మొదలుపెడితే రోజులు పోతాయి. ఇంకో పొరపాటు, చాలామంది ఎకరం రేటు చాలదని రాసిస్తారు. 3సీలో రేటు మాట నిలవదు, అది పరిహారం తేల్చే 3జీలో చూసుకోవాలి. ఇక్కడ అభ్యంతరం భూమిని రోడ్డుకి వాడటం మీదే. చేను మధ్య నుంచి రోడ్డు పోతే అవతలి ముక్కకి దారేది? బోరు ఎటు పడుతుంది? పక్కన ప్రభుత్వ భూమి ఉంటే దాని సర్వే నంబరెంత? ఇవి రాయాలి. విచారణకి పిలవమని కూడా రాసి, రసీదు తీసుకోండి. అధికారి మీ మాట వినడం చట్టప్రకారం తప్పనిసరి.

హోస్ట్: ఆ పట్టికని ఆర్టీఐలో అడగొచ్చుగా?

అతిథి: అడగొచ్చు. కానీ జవాబుకి 30 రోజులు, అభ్యంతరానికి 21. నోటిఫికేషన్ చూశాక పెడితే జవాబొచ్చేసరికి గడువు దాటిపోతుంది. ఇది నిజంగా అన్యాయమండి. జనం మీద పడే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు వాస్తవాలన్నీ తామే బయటపెట్టాలని సమాచార హక్కు చట్టం 4(1)(సి) చెబుతోంది. అడిగేదాకా ఆగకూడదు. అందుకే పొలాల్లో సర్వే వాళ్లు కనబడ్డ రోజే దరఖాస్తు పెట్టేయండి.

హోస్ట్: ఏమని రాయాలి?

అతిథి: ఎందుకిటు తిప్పారని కారణం అడగొద్దు, కాగితం అడగండి. రూట్ల పోలిక పట్టిక, ఆమోదించిన మీటింగ్ మినిట్స్, మీ మండలం వరకు చైనేజీలతో, అంటే రోడ్డు మొదలు నుంచి దూరం గుర్తులతో, మ్యాపు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికైతే ఫీజు 10 రూపాయలు, జిరాక్స్ పేజీకి 2. ఫైలు స్వయంగా చూస్తానని కూడా రాయండి. మొదటి గంట ఉచితం, ఆ తర్వాత గంటకి 5. వాణిజ్య రహస్యమని అధికారులు ఇవ్వకపోతే, అదే చట్టం సెక్షన్ 10 ప్రకారం ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వమని 30 రోజుల్లో మొదటి అప్పీలుకి వెళ్లండి.

హోస్ట్: పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణలో చెప్పుకుందామనుకుంటే?

అతిథి: దాన్ని నమ్ముకుని 3సీ వదలొద్దు. చెన్నై–సేలం హైవే కేసులో 2020 డిసెంబర్ 8న సుప్రీంకోర్టు, 3ఏకి ముందు పర్యావరణ అనుమతి అక్కర్లేదంది. ఆ సభకి వెళ్తే మాత్రం చివరిదాకా కదలొద్దు. జనం చెప్పినవి ముగింపులో తెలుగులో చదివి వినిపించాలి, మినిట్స్ మీద అదే రోజు సంతకం కావాలి. మీ మాట అందులో లేకపోతే అక్కడే లేచి రాయించండి. సంతకం పడ్డాక దాన్ని చేర్పించడం చాలా కష్టం.

హోస్ట్: భూసేకరణ ఖాయం చేసే 3డి ప్రకటన సంగతి?

అతిథి: 3ఏ నుంచి ఏడాదిలోపు 3డి రాకపోతే 3ఏ చెల్లదు. కోర్టు స్టే ఉన్న కాలం అందులో కలవదు. 3డి వచ్చిందా, భూమి కేంద్రానిదైపోయినట్టే. గెజిట్ కాపీ మీద ఆ ఏడాది ముగిసే తేదీ ఈరోజే రాసిపెట్టుకోండి.