నీళ్ళు వచ్చేతలికి ఎక్కింటిమి

శ్రోతలందరికీ నమస్కారం.

నేను కర్నూలులో పిల్లలకు ఇంగ్లీషు చెప్పే టీచర్‌ని. ఈరోజు మీతో ఒక్క చిక్కు గురించే మాట్లాడతాను. జరిగిపోయిన సంగతి ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చినప్పుడు మనవాళ్ళు తడబడే చోటు అది. "నేను పోయేసరికి", "కరెంటు వచ్చేదాకా", "వాన పడకముందు" అని మొదలుపెడతామే, ఆ చోటు. పాఠ్యపుస్తకంలో దీనికి పట్టికలు ఉంటాయి. రేడియోలో పట్టిక గీయలేను కదా. అందుకని మా వీధి అవ్వ సంగతి చెబుతాను.

2009 అక్టోబరు 2. కర్నూలు వాళ్ళకు ఆ తారీకు చెబితే చాలు. ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ. ఊళ్ళోకి నీళ్ళు వచ్చేశాయి. అవ్వ వాళ్ళది పాతబస్తీలో మేడ ఉన్న ఇల్లు. ఆ రోజు సంగతి అవ్వ ఎన్నిసార్లు చెప్పినా నేను విసుగు లేకుండా వింటాను.

అవ్వ మనవడు అమెరికాలో పుట్టాడు. తొమ్మిదేళ్ళవాడు. తెలుగు నాలుగు ముక్కలకు మించి రాదు. ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో మాట్లాడతాడు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఏదైనా పాత సంగతి రాసుకురమ్మని వాడికి బడిలో చెప్పారట. అవ్వ ఎస్సెల్సీ దాకా చదివింది. కొడుకు తర్జుమా చేస్తానన్నా వద్దంది. నా మనవడికి నేనే చెప్పుకుంటానంది. ధైర్యం చేసి మొదలుపెట్టింది: "వెన్ వాటర్ కమ్, వి గో అప్."

పిల్లవాడు కళ్ళు పెద్దవి చేసి అడిగాడు: "డస్ ఇట్ కమ్ ఎవ్రీ డే, అవ్వా?" నీళ్ళు రోజూ వస్తాయా అవ్వా అని!

అవ్వ ఆ సాయంత్రమే నోటు పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "టీచరమ్మా, నేనేం తప్పు చెప్పినా?" అంది.

పిల్లవాడి తప్పు లేదు. కమ్, గో అంటే ఇంగ్లీషు చెవికి రోజూ జరిగే పనిలా వినిపిస్తుంది. అవ్వ తెలుగులో ఆలోచించింది, అంతే. మన మాట ఒకసారి చూడండి. "నిన్న నీళ్ళు వచ్చేసరికి మేడ ఎక్కాం." "రేపు నీళ్ళు వచ్చేసరికి మేడ ఎక్కుతాం." రెండు చోట్లా అదే "వచ్చేసరికి". నిన్నయినా రేపయినా అది మారదు. ఎప్పుడు జరిగిందో చెప్పే బాధ్యత చివరి మాటది. బస్సులో ఇంటి పెద్ద ఒక్కడే అందరికీ టికెట్లు తీసుకున్నట్టు అనుకోండి. ఇంగ్లీషు బస్సులో అలా కుదరదు. ఎవరి టికెట్ వాళ్ళే తీసుకోవాలి. సంగతి జరిగిపోయిందంటే కమ్ కూడా కేమ్ కావాలి, గో కూడా వెంట్ కావాలి. వెన్ ద వాటర్ కేమ్, వి వెంట్ అప్.

అవ్వ రాసుకుంది. పైకి చదివింది. నేను అడిగాను: "అయితే అవ్వా, నీళ్ళు వచ్చినాక మేడ ఎక్కారా?"

"యాడిది టీచరమ్మా! వీధిలో పిల్లోళ్ళు తలుపులు కొట్టి అరిచిరి. నీళ్ళు వచ్చేతలికి మేం ఎక్కింటిమి."

ఎక్కింటిమి! ఆ మాట వినగానే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇరవై ఏళ్ళుగా క్లాసులో హ్యాడ్ గురించి గొంతు చించుకుంటున్నాను. అది మన సీమ మాటలోనే ఉంది. పోయింటి, తినింటి, చెప్పింటి, ఎక్కింటిమి. అప్పటికే అయిపోయిన పని అది. వెన్ ద వాటర్ కేమ్, వి హ్యాడ్ ఆల్రెడీ గాన్ అప్. నీళ్ళు వచ్చేతలికి ఎక్కింటిమి. నాతోపాటు ఒకసారి పైకి అనండి. వెన్ ద వాటర్ కేమ్, వి హ్యాడ్ ఆల్రెడీ గాన్ అప్.

వి వెంట్ అప్ అంటే నీళ్ళు వచ్చాయి, అప్పుడు ఎక్కారు. కాళ్ళు తడిసే ఉంటాయి. వి హ్యాడ్ గాన్ అప్ అంటే నీళ్ళు వచ్చేనాటికే మేడ మీద ఉన్నారు. కాళ్ళు పొడిగానే ఉన్నాయి. తేడా ఆ ఒక్క హ్యాడ్‌లో ఉంది.

మరి పక్కింటామె? ఆమె అప్పుడు పొయ్యి దగ్గర ఉంది. వంట చేస్తా ఉండగా నీళ్ళు గడప దాటాయి. వెన్ ద వాటర్ కేమ్, షి వాజ్ కుకింగ్. పని నడుస్తోంది, మధ్యలో నీళ్ళు వచ్చాయి. షి కుక్డ్ అన్నామనుకోండి, నీళ్ళు వచ్చాక తీరిగ్గా వంట మొదలుపెట్టినట్టు అవుతుంది. పాపం, ఆమె ఆ అన్నం గిన్నె కూడా వదిలేసి పైకి పరుగెత్తింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మనం "నిన్న కడపకు పోయింటి" అని కూడా అంటాం. దాన్ని ఇంగ్లీషులోకి అలాగే తెచ్చి "ఎస్టర్డే ఐ హ్యాడ్ గాన్ టు కడప" అనేస్తాం. ఆఫీసుల్లో రోజూ వింటుంటాను. వెనక ఇంకో సంగతి లేనప్పుడు హ్యాడ్ అక్కర్లేదు. ఎస్టర్డే ఐ వెంట్ టు కడప. అంతే చాలు. రెండు సంగతులు ఉండి, వాటిలో ఏది ముందు జరిగిందో చెప్పాల్సి వచ్చినప్పుడు హ్యాడ్‌ను పిలవండి.

కడప అంటే బ్రౌన్ దొర గుర్తొస్తాడు నాకు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. మన తెలుగు నేర్చుకుని నిఘంటువు చేశాడు, 1840లో తెలుగుకు వ్యాకరణం కూడా అచ్చువేశాడు. మనం కేమ్ దగ్గర తడబడినట్టే ఆయన కూడా "రాకముందు" దగ్గర ఆగిపోయి ఉంటాడని నా ఊహ. ఎందుకంటే ఇంకా రాలేదు కాబట్టి మనం "రాక" అంటాం. ఇంగ్లీషు అలా అనదు. అవ్వ కూడా మొదట "బిఫోర్ వాటర్ నాట్ కమ్" అని రాసింది. అక్కడ నాట్ వద్దు. బిఫోర్ ద వాటర్ కేమ్, ఐ టైడ్ ద హౌస్ పేపర్స్ ఇన్ ఎ శారీ. నీళ్ళు రాకముందే ఇంటి కాగితాలు చీరలో మూట కట్టినా. రేషన్ కార్డు కూడా అందులోనే పెట్టిందట.

ఇక "తగ్గేదాకా". ఇది కూడా వచ్చేసరికి లాంటిదే, దానంతట దానికి కాలం తెలియదు. అంటిల్ ద వాటర్ వెంట్ డౌన్, వి స్టేయ్డ్ ఆన్ ద టెరేస్. గో డౌన్ కాదు, వెంట్ డౌన్.

మీరూ చేయగలిగిన పని ఒకటి చెబుతాను. మీ ఇంట్లో జరిగిన ఒకే ఒక సంగతి తీసుకోండి. పెళ్ళిలో కరెంటు పోయింది, గుంతకల్లులో రైలు తప్పిపోయింది, ఏదైనా సరే. వెన్ తో మొదలుపెట్టి మూడు రకాలుగా చెప్పండి. అప్పుడేం చేశారు, అప్పుడేం చేస్తా ఉన్నారు, అప్పటికే ఏం చేసింటిరి. వెంట్, వాజ్ గోయింగ్, హ్యాడ్ గాన్. పైకి చెప్పండి, మనసులో కాదు. మీ సంగతి కాబట్టి ఏది ముందో ఏది వెనకో మీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అవ్వ వారం రోజులు అలాగే చెప్పుకుంది. పై ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ కలిపింది. మొదటినుంచి చెప్పింది. చీర మూట, తలుపులు కొట్టిన పిల్లోళ్ళు, పక్కింటామె అన్నం గిన్నె. చివర్లో నన్ను అడగకుండానే అంది: "ఆఫ్టర్ ద వాటర్ వెంట్ డౌన్, వి క్లీన్డ్ ద మడ్ ఫర్ టెన్ డేస్."

పిల్లవాడు రాసుకుంటూ తల ఎత్తాడు. "హౌ డీప్ వాజ్ ద మడ్, అవ్వా?"

అవ్వ లేచి నిలబడి, ఫోన్ ముందుకు వచ్చి, మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించింది.

నమస్కారం.