దుప్పట్ల పుస్తకంలో దొరికిన హాజరు

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో చిన్న వ్యాపారాలకు లెక్కలు రాయడం నా వృత్తి. లాడ్జీలు, భోజన హోటళ్లు, బట్టల దుకాణాల జీతాల పుస్తకాలు చాలా ఏళ్లుగా నా చేతుల మీదుగా నడుస్తున్నాయి. యజమానులు కార్మిక చట్టాలను పాటించడం గురించి మాట్లాడాలని కూర్చున్నప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఒక లాడ్జీలోని దుప్పట్ల పుస్తకం.

ఆ లాడ్జీలో పనిచేసే రూమ్ బాయ్ ఒకాయన నెల నిండకముందే పని మానేశాడు. పలమనేరు వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. తనకు ఇరవై రెండు రోజుల జీతం రావాలని ఆయన, పనికి వచ్చింది పద్నాలుగు రోజులేనని, అందులోనూ అడ్వాన్సు తీసేయాలని మేనేజరు. హాజరు పట్టీ లేదు. మేనేజరు డైరీ చివరి పేజీలో పెన్సిలుతో 'అడ్వాన్సు 500' అని మూడు చోట్ల రాసి ఉంది; ఏ తేదీన ఇచ్చారో లేదు, తీసుకున్న మనిషి సంతకమూ లేదు. "అన్నా, మీరే చూసి చెప్పండి, అబద్ధం చెప్పి నేనేం బాగుపడతాను" అని ఆయన నా ముందు నిలబడ్డాడు. అప్పుడు నేను దుప్పట్ల పుస్తకం తెప్పించాను. విడిచిన దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు రోజూ పొద్దున్నే లెక్కపెట్టి చాకలికి అప్పగించేటప్పుడు రూమ్ బాయ్ అందులో సంతకం చేస్తాడు. ఆ నెలలో ఆయన సంతకాలు ఇరవై ఒకటి ఉన్నాయి. ఇరవై ఒక్క రోజుల జీతం యజమాని ఆ సాయంత్రమే ఇచ్చేశాడు.

ఆ యజమాని మోసగాడు కాడు, ఆ మాట నేను గట్టిగా చెప్పగలను. దుప్పటి పోతే నష్టమని దానికి పుస్తకం పెట్టాడు, మనిషి హాజరుకు మాత్రం పెట్టలేదు. మన ఊళ్లలో జరిగే ఉల్లంఘనల్లో ఎక్కువ భాగం ఇలా రాయకపోవడంతోనే మొదలవుతుందని నా అనుభవం. "వాళ్లు మా ఇంటి మనుషుల్లాంటి వాళ్లు, కాగితాలెందుకు" అనే మాట నేను తరచూ వింటాను. అన్నదమ్ములు కూడా ఆస్తి పంచుకుంటే కాగితం రాసుకుంటారు కదా!

దేశంలో 29 కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. దుకాణాలకు, హోటళ్లకు 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం కూడా ఉంది. వీటిలో జీతానికి సంబంధించినది 2019 నాటి వేతనాల కోడ్. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు అందాలి. పని మానేసినా, యజమాని తీసేసినా బకాయి రెండు పనిదినాల్లో చెల్లించాలి. అడ్వాన్సులు, ఇతర కోతలు అన్నీ కలిపినా ఆ నెల జీతంలో సగానికి మించరాదు. జీతాల రిజిస్టరు ఉండాలి, ప్రతి కార్మికుడికీ జీతం చీటీ ఇవ్వాలి. జీతం రాలేదనో తక్కువ వచ్చిందనో కార్మికుడు మూడేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చేసినప్పుడు, ఇచ్చానని రుజువు చేసుకోవలసిన బాధ్యత యజమానిదే. కాబట్టి రిజిస్టరు లేని యజమాని నిజంగా జీతం ఇచ్చి ఉన్నా చిక్కుల్లో పడతాడు. నేను యజమానులకు ముందుగా చెప్పేది ఈ సంగతే, ఎందుకంటే ఆ పుస్తకం తమను కూడా కాపాడుతుందని తెలిసిన తర్వాత వాళ్లు దాన్ని భారంగా చూడరు.

కనీస వేతనం విషయంలో ఒక పొరపాటు పదేపదే కనిపిస్తుంది. ధరల సూచీని బట్టి మన రాష్ట్రంలో, కనీస వేతనంలో కలిసే కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. పనిలో చేర్చుకున్న రోజున సరిపోయిన జీతం, అలాగే వదిలేస్తే ఏడాది తిరిగేసరికి కనీస వేతనం కన్నా తక్కువైపోవచ్చు. యజమాని రూపాయి తగ్గించకపోయినా అది చట్టం దృష్టిలో తక్కువ చెల్లించినట్లే.

చిత్తూరు జిల్లాలోని మామిడి గుజ్జు పరిశ్రమల సంగతి వేరు. తోతాపురి కాయ దిగే రోజుల్లో పని రాత్రింబవళ్లు నడుస్తుంది, కాయ ఆగదు. కోతకు, తొక్క తీయడానికి వచ్చే ఆడవాళ్లలో చాలామందిని మేస్త్రీ తీసుకొస్తాడు, కూలి కూడా ఆయన చేతనే ఇప్పిస్తారు. మేస్త్రీకి డబ్బు ఇచ్చేశాం, మా పని అయిపోయింది అనుకోవడం తప్పు. మేస్త్రీ చెల్లించకపోతే ఆ కూలి చెల్లించవలసింది సంస్థే. అదనపు గంటలకు మామూలు కూలికి రెట్టింపు ఇవ్వాలి. సీజను పని అయినంత మాత్రాన ఈ లెక్క మారదు.

ఇక ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా. ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం. ఒక భోజన హోటల్లో వంట మనిషి చేతిపై మరిగే నూనె పడింది. పన్నెండు మంది పనిచేసే చోటు అది, అయినా ఒక్కరి పేరూ నమోదు చేయలేదు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారందరికీ ఈఎస్ఐ ఉండాలి. జీతంలో యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. పేరు ఉండి ఉంటే తిరుపతిలోనే ఉన్న ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం జరిగేది. పనిలో తగిలిన గాయం కాబట్టి, చేరి ఎన్నాళ్లయిందన్న ప్రశ్న లేకుండా, పని చేయలేని రోజులకు జీతంలో 90 శాతం వచ్చేది. ఆ మనిషి ఇంట్లో బంగారం కుదువపెట్టారు. యజమాని కూడా సొంత డబ్బు కొంత పెట్టాడు, అది ఆ వంట మనిషి పేరున ఆయన ఏళ్ల తరబడి కట్టవలసిన వాటా కన్నా ఎక్కువే అయింది. పదిమంది కన్నా తక్కువ ఉన్న చోట అయితే నష్టపరిహారం నేరుగా యజమాని మీదే పడుతుందని చిన్న హోటళ్లవారు గమనించాలి.

పనిచేసేవారికి ఒక మాట. ఖాళీ కాగితం మీద, ఖాళీ గడుల మీద సంతకం చేయకండి. తీసుకున్న అడ్వాన్సు తేదీతో సహా ఇంట్లో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. జీతం చీటీ అడగండి. నియామక పత్రం కూడా అడగండి, ఇప్పుడు అది ఇవ్వవలసిందే. తేడా వస్తే సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో ఫిర్యాదు తీసుకుంటారు.

మొదట చెప్పిన లాడ్జీలో ఇప్పుడు హాజరు పుస్తకం ఉంది. రూమ్ బాయ్ ముందు అందులో సంతకం పెట్టి, వచ్చిన సమయం రాసి, ఆ తర్వాతే దుప్పట్ల లెక్కకు వెళ్తాడు. వెళ్లిన సమయం గడి మాత్రం, ముఖ్యంగా బ్రహ్మోత్సవాల రోజుల్లో, ఖాళీగా కనిపిస్తోంది. అదనపు గంటల లెక్క తేలేది ఆ గడిలోనే కాబట్టి, దాన్ని నింపించమని ఈ నెల కూడా యజమానికి చెప్పి వచ్చాను.

నమస్కారం.